ఇద్దరు మంత్రమ్మలు

జనవరి 9

అక్కకి,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మనిద్దరం ఫోనెత్తితే కుశల ప్రశ్నలు పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు పెట్టేస్తున్నాం. పోయినసారి నువ్వు, అంతకుముందు నేను. కాగితానికైతే ఎదురుచెప్పే నోరుండదు కదా, అందుకని రాస్తున్నాను.

మీ మంత్రమ్మ నాటకాన్ని సినిమాగా తీస్తున్నారు. మాస్టారు నీకు చెప్పే ఉంటారు, హక్కులు ఆయన దగ్గరే కదా కొన్నారు. తీసేది ఆ గడ్డం డైరెక్టరే. మీ హాల్లో ముందు వరసలో కూర్చుని, ఇంటర్వెల్లో కూడా లేవకుండా నాటకం చూసేవాడట. ఇప్పుడు అసలు సంగతి. హోం మంత్రి వేషం, అదే మంత్రమ్మ వేషం, నాకిచ్చారు.

నమ్మగలవా? ఇన్నేళ్ళూ టీవీ సీరియళ్ళలో తలుపుచాటున నిలబడి ఎవరి మాటలో వినే ఆడపడుచు వేషాలే నాకు. నా కెరీరంతా తలుపులకి చెవి ఆనించడంతోనే గడిచిపోయింది. ఇప్పుడు తలుపు తీసుకుని లోపలికి వెళ్ళే వేషం వచ్చింది.

నువ్వు సంతోషిస్తావని తెలుసు. సంతోషించావని ఒక్క ముక్క రాయి. బావని అడిగానని చెప్పు.

నీ పిచ్చుక


జనవరి 17

పిచ్చుకా,

సంతోషించాను. అడిగావు కాబట్టి మొదటి ముక్కలోనే రాసేశాను.

"మీ నాటకం" అని రాశావు. మాస్టారి ట్రూపులో నువ్వూ నాలుగేళ్ళు ఉన్నావు, మంత్రమ్మ సెక్రటరీ వేషం వేసి ఫైళ్ళు మోశావు. అప్పుడది మన నాటకం. సిటీకి వెళ్ళాక మీ నాటకం అయింది. సినిమా విడుదలయ్యేనాటికి నా నాటకం అంటావేమో, చూస్తాను.

ఆ గడ్డం డైరెక్టరు నాకూ తెలుసు. ఒకసారి నాటకం అయ్యాక మేకప్ గదిలోకి వచ్చాడు. నేను మొహం తుడుచుకుంటున్నాను. "అమ్మా, మీరు సభలో మాట్లాడుతుంటే నాకే ఏదో ఒక పదవి ఉండి రాజీనామా చేయాలనిపించింది" అన్నాడు. నీకు మరిచిపోయే అలవాటుంది కాబట్టి ఆ సీను గుర్తుచేస్తున్నాను. మిల్లు కూలీల మీద కాల్పులు జరపమన్నది ముఖ్యమంత్రి. ఆ తప్పు నెత్తినేసుకోమని ప్రకటన రాసిచ్చింది ముఖ్యమంత్రి మనుషులు. అది పట్టుకుని మంత్రమ్మ సభలో లేస్తుంది. "బాధ్యత నాదే" అన్న వాక్యం దగ్గర ఆగుతుంది. కాగితాన్ని పరపరా చింపి గాల్లోకి విసిరి, ముఖ్యమంత్రి వైపు తిరిగి కడిగేస్తుంది. నేను బల్ల మీద గుద్దితే నీళ్ళగ్లాసు ఎగిరిపడుతుంది. ఆఖరి వరసలో కూర్చునే చెవిటి తాత కూడా చప్పట్లు కొడతాడు.

డైరెక్టరు వచ్చి వెళ్ళాక నేనేం చేశానో తెలుసా? ఇంట్లో రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని పక్కనుంచి ఎలా ఉంటానో చూసుకున్నాను. కెమెరా పక్కనుంచి కూడా చూస్తుందట కదా. మీ బావ నవ్వాడు. "ఏంటే, మెడనొప్పా?" అన్నాడు. అవునన్నాను.

మా వీధిలో అందరూ నన్ను మంత్రమ్మగారూ అనే పిలుస్తారు. నిన్న కూరల కొట్టావిడ "మంత్రమ్మ మీ చెల్లెలట కదా?" అంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. చిన్నప్పుడు నా కొత్త బూట్లు నాకన్నా ముందు నువ్వే తొడుక్కుని, "అక్కవి నాకు సరిపోయాయి" అని వీధంతా తిరిగేదానివి. వదులుగా ఉండి రెండుసార్లు బోర్లా పడ్డావు. ఈసారి చూసుకుని నడువు.

అక్క


ఫిబ్రవరి 11

అక్కకి,

నీ ఉత్తరం చదివితే సంతోషానికి కూడా ముళ్ళుంటాయని తెలిసింది. సరే.

షూటింగ్ మొదలైంది. మూతపడిన ఒక బ్యాంకు భవనాన్ని సచివాలయంగా మార్చారు. క్యాషియర్లు కూర్చునే అద్దాల గదుల్లో ఇప్పుడు నకిలీ గుమాస్తాలు కూర్చుంటున్నారు. కింద హాల్లో సభ కడుతున్నారు. బల్లలకి కొత్త వార్నిష్ వేస్తుంటే ఆ ఘాటుకి మంత్రివర్గం మొత్తం తుమ్ముతోంది. నా వేషానికి బూడిదరంగు బట్టలు, నల్ల ఫ్రేము కళ్ళజోడు. కళ్ళజోడుకి అద్దాల్లేవు. లైటు పడి మెరుస్తాయని తీసేశారు.

నా బాధ వేరే ఉంది. ఆ గడ్డమాయన పొద్దున లేస్తే "మీ అక్క అయితే" అంటాడు. నేను మెట్లెక్కితే "మీ అక్క అయితే ఆఖరి మెట్టు మీద ఆగుతుంది". నేను ఫైలు తెరిస్తే "మీ అక్క అయితే ముందు పెన్ను మూత తీస్తుంది". అక్కా, నువ్విక్కడ లేవు, రోజూ కూలీ తీసుకోవడం లేదు, అయినా పొద్దున్నుంచి సాయంత్రందాకా సెట్టు మీదే ఉంటున్నావు. నాకు నిన్ను చూస్తే ఒళ్ళు మండుతోంది. చూడకపోయినా మండుతోంది.

ఇంకో మాట. బావ నాటకానికి వేసే లైటింగ్ డైరెక్టరుకి బాగా నచ్చిందట. సచివాలయం సీన్లకి ఆయన్ని రమ్మని కబురు చేశారు. నేను పిలిపించలేదు సుమా. ముందే చెబుతున్నాను.

పిచ్చుక


ఫిబ్రవరి 20

పిచ్చుకా,

మీ బావ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నా నాటకాలకి ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఒక్కనాడూ చొక్కా సంగతి అడిగిన పాపాన పోలేదు.

నాటకం వెళ్ళింది, చెల్లెలు వెళ్ళింది, మొగుడూ వెళ్ళాడు. సామాన్ల పెట్టెలాగ నేనొక్కదాన్నే స్టేజీ వెనక మిగిలాను. మాస్టారు మాత్రం రోజూ రిహార్సల్‌కి రమ్మంటున్నాడు. ఎందుకంటే సినిమా వచ్చేలోపు నాటకం ఇంకా ఆడాలట. సినిమా వచ్చాక ఎవరు చూస్తారని ఆయన భయం. నా భయం నేను చెప్పలేదు.

నీకు ఒళ్ళు మండుతోందని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. బాగుంది.

అక్క


మార్చి 2

అక్కా,

ఇంక బెట్టు చేయను. సాయం కావాలి.

వచ్చే వారం సభ సీను. రిహార్సల్లో నీలాగే చేశాను. కాగితం చింపాను, బల్ల గుద్దాను, అరిచాను. డైరెక్టరు తల గోక్కున్నాడు. "బాగుందమ్మా, కానీ ఇది మీ అక్కది" అన్నాడు. పొద్దున్నుంచి మీ అక్క అయితే అని ప్రాణం తీసింది ఆయనే. తీరా నీలా చేస్తే ఇది మీ అక్కది అంటాడు! నా బదులు ఇంకొకామె పేరు కూడా వినపడుతోంది, ఆ ఒక్క సీనుకని కాదు, సినిమాకే. అరవడం తప్ప ఆ సీన్లో ఇంకేం ఉంది? ఇన్నేళ్ళు చేశావు, నీకు తెలియంది లేదు. ఏం చేయమంటావో చెప్పు. చెప్పింది చెప్పినట్టు చేస్తాను.

బావ ఆదివారం ఇంటికొస్తున్నాడు. జవాబు ఆయన చేతికే ఇవ్వు.

నీ పిచ్చుక


మార్చి 6

ప్రియమైన చెల్లెలికి,

నీ ఉత్తరం అందింది. నన్ను అడిగినందుకు చాలా సంతోషం.

నువ్వు ఆ సీన్లో గొంతు ఎత్తవద్దు. కాగితం చింపవద్దు. చింపడం జనం చాలా చూసేశారు. వాళ్ళు రాసిచ్చిన ప్రకటనను మొదటినుంచి చివరిదాకా, కరెంటు బిల్లు చదివినట్టు చదివెయ్యి. తల ఎత్తవద్దు. కళ్ళనీళ్ళు వద్దు. చదవడం అయ్యాక కాగితం మడిచి కూర్చో. అంతే. నేను స్టేజీ మీద అరిచినా, మనసులో మాత్రం ఎప్పుడూ అలాగే చేయాలనుకునేదాన్ని.

మీ బావ రెండు రోజులుండి బయలుదేరుతున్నాడు. నువ్వు చాలా బాగా నటిస్తున్నావని చెప్పాడు. సెట్టులో విన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు. దాని గురించి ఇప్పుడెందుకులే.

నీకు శుభం కలగాలని కోరుతూ,
మీ అక్క


మార్చి 19

అక్కకి,

సీను అయిపోయింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

చింపుతాననుకుని రెండు కెమెరాలు పెట్టుకున్నారు, గాల్లో కాగితం ముక్కలు పట్టుకోవడానికి. నేను చింపలేదు. అబద్ధమని సభలో అందరికీ తెలిసిన ప్రకటనని ఆఖరిదాకా చదివి కూర్చున్నాను. ప్రతిపక్షం బెంచీల్లో కూర్చున్న రోజుకూలీ మనుషుల్లో ఒకాయన ముక్కు చీదాడు. డైరెక్టరు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, "ఇంక దీని తర్వాత రాసుకున్న సీన్లన్నీ దండగ" అన్నాడు. ముగింపు మార్చి రాస్తున్నారు. మంత్రమ్మ గెలవదు ఇప్పుడు. రెండో ఆమె పేరు మళ్ళీ వినపడలేదు.

ఇదంతా నీ చలవే. మరిచిపోను.

పిచ్చుక


సెప్టెంబరు 15

అమ్మా మహానటీ,

నిన్న టీవీలో చూశాను. సినిమా విడుదలై పది రోజులైనా నేను చూడలేదు, కానీ నువ్వు సినిమా విజయోత్సవ సభలో పూలగుత్తి పట్టుకుని మాట్లాడింది మాత్రం చూశాను. "ఆ సీను అలా చేయమని చెప్పింది మా అక్క. ఆ చప్పట్లు ఆవిడవి" అన్నావు. గొంతు కూడా కొద్దిగా వణికించావు. పొద్దున్నించీ మా గుమ్మంలో జనమే. "చెల్లెలికి ఎంత బాగా నేర్పారండీ!" అంటూ. కూరల కొట్టావిడ దండం పెట్టింది.

నన్నెందుకు లాగావు అందులోకి? నాది కాని దానికి నాకు చప్పట్లెందుకు? విను, రాసేస్తున్నాను. నువ్వు మునగాలనే ఆ సలహా ఇచ్చాను. కరెంటు బిల్లు చదివినట్టు చదివితే నీ బదులు ఆ రెండో ఆమెని పెడతారని ఇచ్చాను. రొట్టె విరిగి నేతిలో పడింది నీకు. నిన్ను ముంచడానికి తీసిన గొయ్యిలో నీకు నిధి దొరికింది. ఇంక నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

ఎందుకిచ్చానంటావా? మీ బావ మార్చిలో వచ్చినప్పుడు, "నువ్వు ముందే రానన్నావట కదా, నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాడు. ఆ వేషం మొదట నాకే అనుకున్నారట. నేను రానని కబురందిందట! నన్నెవరడిగారు? నేనెవరికి చెప్పాను? డైరెక్టరుకీ నాకూ మధ్య ఉన్నది నువ్వొక్కదానివే. బూట్లు తొడుక్కున్నావు, ఊరుకున్నాను. కాళ్ళే నరికేశావు కదే.

నీ అక్క అనబడే మనిషి


సెప్టెంబరు 24

అక్కా,

నాకు తెలుసు. మార్చిలో నువ్వు పంపిన ఉత్తరం విప్పినప్పుడే తెలిసింది.

అందులో ఒక్క తిట్టు లేదు. నాకు నడక నేర్పినా, డైలాగు నేర్పినా మొట్టికాయ వేయకుండా నేర్పావా ఎప్పుడైనా? "ప్రియమైన చెల్లెలికి" అని మొదలుపెట్టావు. "శుభం కలగాలని కోరుతూ" అని ముగించావు. అతి వినయం ధూర్త లక్షణం అని నువ్వే అంటావు.

మేకప్ కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివాను. ఏడవడానికి కూడా లేదు, రంగు కారిపోతుంది. అప్పుడనిపించింది. మంత్రమ్మ చేతిలో ఉన్నదేమిటి? తనవాళ్ళనుకున్నవాళ్ళు తనని ముంచడానికి రాసిచ్చిన కాగితం. నా చేతిలో ఉన్నదీ అదే కదా. ఇంక నటించడానికి ఏముంది? వెళ్ళి చదివాను. తల ఎత్తొద్దన్నావు చూడు, అదొక్కటీ నా వల్ల కాలేదు. "బాధ్యత నాదే" దగ్గర ఎత్తాను. ఎదురుగా బావ లైటు స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. ఆ కవరు తెచ్చిచ్చింది ఆయనే, పాపం ఏమీ తెలియని మొహం. ఆయన్ని చూసి మళ్ళీ తల దించుకున్నాను.

కాబట్టి టీవీలో నేను అబద్ధం చెప్పలేదు. ఆ చప్పట్లు నీవే. నీకు నచ్చినా నచ్చకపోయినా.

ఇక రెండోది. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం చూశాక డైరెక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను. మాస్టారు చెప్పారట. "ఆవిడ సినిమా వాళ్ళని గుమ్మం తొక్కనివ్వదు, అడిగి పరువు పోగొట్టుకోకండి" అని. కావాలంటే వెళ్ళి నిలదీసుకో. నిజం చెప్పాలంటే, డైరెక్టరు మాస్టారిని కాకుండా నన్నడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకు తెలియదు. నన్నడగకపోవడం నా అదృష్టం.

నువ్వు నా మీద కుళ్ళుకుంటున్నావని చదివి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మరునాడు ఎందుకో నవ్వొచ్చింది. పుట్టినప్పటినుంచీ ఆ పని నేనొక్కదాన్నే చేస్తున్నాననుకున్నాను.

పిచ్చుక


అక్టోబరు 6

పిచ్చుకా,

మాస్టారి దగ్గరికి వెళ్ళాను. రిహార్సల్ గదిలో ఒక్కడే కూర్చుని చిరిగిన తెర కుడుతున్నాడు. అడిగాను. దాచలేదు.

"చెప్పానే. నేనే చెప్పాను. నువ్వు వెళితే నాకెవరున్నారు?"

"నన్నడగాలని తోచలేదా మాస్టారూ?"

"అడిగితే వెళ్ళిపోతావు. మీ చెల్లెలు వెళ్ళినప్పుడే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. నువ్వూ వెళితే హాలుకి తాళమేసుకోవడమే."

చూశావా? నా నోటి దగ్గర కూడు లాగేసుకున్నవాడి మీద కోపంతో వెళ్ళాను. తీరా ఇంటికి తెచ్చుకున్నది ఈ ముక్క. సగం కుర్చీలట. ఫైళ్ళు మోసే సెక్రటరీ కోసం వచ్చేవాళ్ళట. ఇన్నాళ్ళూ టీవీలొచ్చి జనం తగ్గారని చెప్పుకుంటున్నాను.

ఆయనతో ఇంకా మాట్లాడటం లేదు. రిహార్సల్‌కి వెళ్ళి వస్తున్నాను, అంతే.

సినిమా చూశాను. మధ్యాహ్నం ఆటకి, ఎవరూ గుర్తుపట్టకుండా కండువా కప్పుకుని. నువ్వు చదవడం మొదలుపెట్టగానే ఎక్కడ తప్పు దొరుకుతుందా అని ముందుకు వంగాను. దొరకలేదు. తల ఎత్తావే, అక్కడ వెనక్కి వాలిపోయాను. అది నేను చెప్పింది కాదు. చెబుదామనుకున్నా నాకు తెలియదు. పక్క సీట్లో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా చేసిందండీ!" అంది. నేను "పర్లేదు" అన్నాను. ఆవిడ నన్ను రాయిని చూసినట్టు చూసింది.

చూశాక కుళ్ళు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. ముంచాలని చూసినందుకు సిగ్గుగా ఉంది, కుళ్ళుగానూ ఉంది. రెండూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి, తోడికోడళ్ళలాగ.

ప్రతిపక్ష నాయకుడి వేషం వేసే ముసలాయన మోకాళ్ళ నొప్పులతో మానేశాడు. ఆ వేషానికి నువ్వు రా. నవంబరులో మన హాల్లో రెండు ప్రదర్శనలు. ఇక్కడ రెండో టేకు ఉండదు. నా ఎదురుగా నిలబడు, నలిపేస్తాను.

అక్క


అక్టోబరు 13

అక్కా,

వస్తాను. ఒక్క షరతు. మొదటి రోజు నువ్వు మంత్రమ్మ, నేను ప్రతిపక్షం. రెండో రోజు నేను మంత్రమ్మ, నువ్వు ప్రతిపక్షం. ఎవరిది బాగుందో మాస్టారిని అడగొద్దు, ఆయన మాట మనిద్దరికీ నమ్మకం లేదు. బావని అసలే అడగొద్దు.

పిచ్చుక


నవంబరు 22

పిచ్చుకా,

నిన్ను రైలెక్కించి వచ్చి ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. స్టేషన్లో అడిగావు కదా, "నిన్న ఎందుకలా చేశావక్కా?" అని. రైలు కదులుతోందని తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజు నాది. అందులో సందేహం లేదు. బల్ల గుద్దాను, గ్లాసు ఎగిరింది, జనం లేచి నిలబడ్డారు. ప్రతిపక్షం బెంచీలో నీ మొహం చిన్నబోవడం చూశాను. ఎంత హాయిగా నిద్రపోయానో.

నిన్న నీది. కాగితం తీశావు, చదవడం మొదలుపెట్టావు. సినిమాలో చదివినంత మెల్లగా. ఇక్కడ గొంతు దగ్గర మైకుండదని మరిచిపోయావు. మూడో వాక్యానికి వెనక వరసలో గుసగుసలు. తర్వాత ఎవడో "వినపడటం లేదు!" అని అరిచాడు. ఇంకొకడు ఈల వేశాడు. నువ్వు గొంతు పెంచలేదు. పెంచితే అది నాలా అయిపోతుందని నీకు తెలుసు.

నాకెంత సంతోషమేసిందో రాయనా? ఎదురుచూసింది దానికోసమే కదా. నేను ప్రతిపక్ష నాయకురాలిని. రాసి ఉన్న ప్రకారం అక్కడ నేను లేచి "అబద్ధం! అబద్ధం!" అని కేకలేయాలి. నేను కేకలేస్తే హాలంతా నాతో కలుస్తుంది. ఆ ఒక్క మాటతో నువ్వు అయిపోయేదానివి. లేచాను కూడా.

లేచాక నువ్వు తల ఎత్తి నా వైపు చూశావు. వద్దని బతిమాలలేదు. చేస్తావని తెలుసు అన్నట్టు చూశావు. మార్చిలో మీ బావ వైపు చూసిన చూపు అదేననుకుంటాను.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. జనం వైపు తిరిగి, నా గొంతు ఆఖరి గోడకి తగిలేలా అన్నాను. "సభ్యులు కూర్చోండి! ఆమె చదువుతోంది. వినండి!"

ఈల వేసినవాడు కూడా కూర్చున్నాడు. నువ్వు మిగతాదంతా చదివావు. గుసగుసలాడినంత గొంతుతో చదివావు. ఆఖరి వరసదాకా వినపడింది. తెర పడ్డాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఎందుకలా చేశానంటే నాకు తెలియదే. ప్రేమ అని మాత్రం అనుకోకు, ఆ క్షణంలో కూడా నాకు కడుపులో మండుతూనే ఉంది. కానీ అంత బాగా చదువుతున్నదాన్ని వాడెవడో ఈల వేసి ఆపేస్తే ఊరుకోలేకపోయాను. నిన్ను ఆపాలంటే నేనే ఆపాలి.

మాస్టారు పొద్దున వచ్చి ఆ ముక్కని నాటకంలో కలిపేస్తానన్నాడు. కలపొద్దన్నాను. మళ్ళీ నువ్వొస్తేనే.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. నిన్నటి చప్పట్లలో సగం నావి. ఈసారి టీవీలో చెబితే నిజంగానే నావి అని చెప్పు.

అక్క